ఏడు ఇటలీ కెమెరాలు, ఒక కుడికన్ను

డిపోలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జీతాల పట్టీ రాసే గుమాస్తాకి తప్ప ఆ పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ అతను ‘ఇటలీ’. అలాగని ఇటలీ చూసొచ్చిన మనిషేం కాదు. బస్సు ఎంత దూరం పోతే అంతే అతని ప్రపంచం, బస్సు ఎక్కడ వెనక్కి తిరిగితే అతనూ అక్కడే వెనక్కి తిరిగేవాడు. మాట పొదుపు, కోపం మాత్రం ధారాళం. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క మనిషికి గీత పడకుండా బండి నడిపాడన్న పేరు ఒకటి, ఇంట్లో అద్దాల బీరువాలో ఏడు పాత ఇటలీ కెమెరాలు, అతని ఆస్తి ఇదే. ఇవి కాక అతను గొప్పగా చెప్పుకునేది ఇంకేదైనా ఉందంటే అది తన చూపు.

ఆ కెమెరాల సంగతి కాస్త చెప్పుకోవాలి. పెద్ద యుద్ధం అయిపోయాక, జర్మనీవాళ్ళ పేరుమోసిన చిన్న కెమెరాని చూసి చాలా దేశాల్లో అలాంటివే చెయ్యడం మొదలుపెట్టారు. ఇటలీలోనూ కొందరు చేశారు. కొన్నాళ్ళు చేసి, అమ్మినన్ని అమ్మి, మానుకున్నారు. అందుకే అవి ఎక్కువ దొరకవు, దొరికినా వాటిని పట్టించుకునేవాళ్ళు తక్కువ. అసలు జర్మనీదాన్ని కొనే తాహతు మన ఇటలీకి లేదన్నది నిజమే. కానీ అది లేకే వీటిని కొన్నాడని ఎవరైనా అంటే అతనికి ఒళ్ళు మండేది.

“పక్కవాడి పేపరు చూసి రాశారు, కాదనను. కానీ బుద్ధిగా మొత్తం దించెయ్యలేదు చూడు. ఒకడు లెన్సు బిగించే పద్ధతి మార్చాడు. ఇంకొకడు వెలుతురు కొలిచే మీటరు తెచ్చి లోపల దూర్చాడు. కాపీ కొడుతూ కూడా ఒక జవాబు సొంతంగా రాయకుండా ఉండలేకపోయారు. అలాంటివాళ్ళంటే నాకిష్టం” అనేవాడు.

దీని వెనక ఒక చిన్నప్పటి ఉక్రోషం ఉంది. ఇంట్లో రెండోవాడు. అన్న తొడిగి వదిలేసిన చొక్కాలు, అన్న చదివి వదిలేసిన పుస్తకాలు, చివరికి బడిలో మాస్టార్లు కూడా అన్నని పిలిచి పిలిచి అలవాటైన పేరుతోనే ఇతన్నీ పిలిచేవారు. డ్రైవింగు లైసెన్సు కోసం ఫోటో దిగడానికి వెళ్ళిన స్టూడియోలో, మూసేద్దామనుకుంటున్న ఆ స్టూడియో ముసలాయన అటకమీది కెమెరా ఒకటి చూపించి, “ఇది అసలుది కాదులే, ఇటలీ నకలు” అని పెదవి విరిచాడట. ఆ పెదవి విరుపు ఇతనికి గుచ్చుకుంది. కొత్త ఉద్యోగం మొదటి జీతంతో దాన్నే కొని తెచ్చుకున్నాడు. మిగతా ఆరూ తరవాత ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి, కొన్ని పాత సామాన్ల బజారులో, కొన్ని పోయినవాళ్ళ ఇళ్ళలో.

“ఫోటో తియ్యని కెమెరాలు ఏడు. వీటిని తుడిచినంత శ్రద్ధగా నన్ను ఒక్కరోజు పలకరించారా? నేనూ నకలుదాన్నైతే బాగుండేది” అని భార్య దెప్పేది.

“నువ్వు అసలుదానివేనే. అందుకే భయం” అనేవాడు.

ఫోటోలు తియ్యడనేది కూడా నిజమే. అతనికి సరదా అంతా చూడటంలో ఉంది. ఈ రకం కెమెరాలో కన్ను పెడితే మధ్యలో పసుపుపచ్చటి చిన్న గడి కనిపిస్తుంది. ఆ గడిలో ఎదుటి వస్తువు రెండుగా ఉంటుంది. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి జరిగి, ఒకదాని మీద ఒకటి కుదురుగా కూర్చుంటాయి. అప్పుడు దూరం సరిపోయినట్టు. సెలవు రోజున కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధి చివర నీళ్ళ ట్యాంకుకున్న ఇనుప నిచ్చెన మీదికి ఒక్కో కెమెరానీ గురిపెట్టి, ఆ రెండు నిచ్చెనలూ ఒకటైన క్షణంలో “హమ్మయ్య” అనేవాడు. ఏడు కెమెరాలకి ఏడు హమ్మయ్యలు. అయ్యాక భోజనానికి లేచేవాడు.

అతని బస్సులో కండక్టరు అతని చెల్లెలి మొగుడే. అంటే ముందు కండక్టరు, తరవాత బావ. ఆ సంబంధం కుదిర్చింది ఇతనే. చెల్లెలికి పెళ్ళి చెయ్యాల్సి వచ్చినప్పుడు ఊళ్ళన్నీ తిరగలేదు. తన బండిలో వెనక మెట్టు మీద నిలబడే కుర్రాణ్ణి రెండేళ్ళు అద్దంలో చూసి చూసి ఇంటికి తీసుకెళ్ళాడు. “వీడు చచ్చినా అబద్ధం ఆడడు. చిల్లర లేకపోతే లేదంటాడు, ఉంటే ఉందంటాడు. నాకు తెలుసు” అని అమ్మకి చెప్పాడు. ఆ తరవాత ఇద్దరూ ఒకే బండి మీద పనిచేసేలా డిపోలో ఎవరి కాళ్ళు పట్టుకోవాలో వాళ్ళ కాళ్ళు పట్టుకున్నారు. బావా అంటే బావా అనుకునేవారు. బావకి కెమెరాల గొడవ పట్టదు గానీ, ఎక్కడైనా పాతది ఉందని చెవిన పడితే మరిచిపోకుండా వచ్చి చెప్పేవాడు.

ఇలా సాఫీగా పోతుండగా, ఒక వానాకాలం చివర్లో కెమెరాలు మొరాయించాయి. మొదట ఒకటి. నిచ్చెన మీద నిచ్చెన కూర్చోలేదు. ఒకటి కాస్త పైకి, కాస్త పక్కకి ఎగిరి నిలబడింది. చెమ్మ పట్టింది కాబోలు అనుకున్నాడు. ముందువైపు చిన్న మూత కింద చీమ తలంత మర ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే రెండో బొమ్మ పైకో కిందికో జరుగుతుంది. ఊపిరి బిగబట్టి తిప్పాడు. పూర్తిగా కుదరలేదు గానీ కుదిరినట్టే అనిపించింది. కొన్నాళ్ళకి రెండోది కూడా అంతే. తరవాత మూడోది. చలికాలం వెళ్ళేసరికి ఆరింటికీ మరలు తిప్పేశాడు. ఏడోదానికి మాత్రం మర తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే విరుగుతుందని భయపడి, దానికి ‘మొండిది’ అని పేరు పెట్టి వదిలేశాడు.

మీకు ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. అతనికి రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇంకొకళ్ళ మీద అతను వెయ్యిసార్లు వాడి ఉంటాడు. ఆరు కెమెరాలు ఒకే ఏడాది, ఒకే వైపు, ఒకేలా ఎలా తప్పాయని తనని తాను ఒక్కసారి కూడా ప్రశ్నించుకోలేదు. వీధి దీపాలకి మీసాలు మొలిచినట్టు కనిపిస్తే కళ్ళజోడు తుడుచుకున్నాడు. రెండు కళ్ళూ తెరిచి చూసినంతసేపు ఏ ఇబ్బందీ తెలిసేది కాదు. ఎడమ కన్ను మంచిది. పాపం, కుడిదాని తప్పులన్నీ అదే కప్పిపుచ్చుతూ వచ్చింది.

ఆ సాయంత్రం వాన వెలిసింది. డిపో ఆవరణలో బండిని వెనక్కి తీసి గోడ పక్కన పెట్టాలి. అలాంటప్పుడు కండక్టరు దిగి వెనక నిలబడి చేతులతో చెబుతాడు. ఆ డిపోలో అందరికీ ఒకటే పద్ధతి. రెండు చేతులూ ఎత్తితే రా అని, ఒక్క చెయ్యి ఎత్తితే ఆగు అని. ఇటలీ ఎప్పటిలాగే కిటికీలోంచి తల బయటపెట్టి, కుడి భుజం మీదుగా వెనక్కి చూశాడు. బావ రెండు చేతులూ ఎత్తి ఉన్నాడు. ఇటలీ బండిని వెనక్కి పోనిచ్చాడు. ఒక కేక వినబడింది. బ్రేకు తొక్కేసరికి, పార్సిళ్ళ గదిలో పనిచేసే ముసలాయన, అందరూ పార్సిలు తాత అంటారు, గోడకీ బండికీ మధ్య మోకాలు నలిగి కూలబడి ఉన్నాడు.

ఆసుపత్రి వరండాలోనే మాట మొదలైంది.

“అలా ఎలా వచ్చేశావు బావా? చెయ్యెత్తి ఆగమన్నాను కదా!”

“ఆగమన్నావా? రెండు చేతులూ ఎత్తి రమ్మన్నావు.”

“ఒక్క చెయ్యే ఎత్తాను. రెండో చేతిలో టిక్కెట్ల సంచి ఉంది.”

“నా కళ్ళతో చూశాను బావా. నా కళ్ళు అబద్ధం చెబుతాయా?”

బావ టిక్కెట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. తరవాత వెళ్ళి తాత కూతురి పక్కన కూర్చున్నాడు. అతను వాదించకపోవడం ఇటలీకి తప్పు ఒప్పుకున్నట్టుగానే తోచింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి ఎదుటివాడి మౌనం కూడా తన వైపు సాక్ష్యమే.

డిపోలో ఇద్దరూ వాంగ్మూలం ఇచ్చారు. ఇటలీ ఉన్నదున్నట్టు, చూసింది చూసినట్టు చెప్పాడు. అందులో ఒక్క అక్షరం కల్పన లేదు, అదే ఇక్కడ ఘోరం. అబద్ధం ఆడేవాడైతే గొంతు ఎక్కడో వణికేది. అంత శుభ్రమైన రికార్డు ఉన్న డ్రైవరు అంత గట్టిగా చెబుతుంటే కండక్టరు మాట ఎవరు వింటారు? బావని సస్పెండు చేసి ఇంట్లో కూర్చోబెట్టారు. నెలాఖరులో విచారణ, తప్పు రుజువైతే ఉద్యోగం పోతుంది. తాత కాలికి కడ్డీలు వేశారు, ఇక మునుపటిలా నడవడన్నారు.

చెల్లెలు ఒక్కసారి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

“నువ్వు పొరబడి ఉండచ్చేమో ఒక్కసారి ఆలోచించు అన్నయ్యా.”

“పొరబడటానికి నేనేమన్నా తాగి ఉన్నానా? మీ ఆయన ఏదో పరధ్యానంలో ఉన్నాడు. మనుషులన్నాక జరుగుతుంది. ఒప్పుకుంటే పై వాళ్ళ కాళ్ళు పట్టుకునైనా తగ్గించమని అడుగుతాను.”

“ఒప్పుకోడానికి చేసింది కాదుగా” అని ఆమె వెళ్ళిపోయింది. ఆ తరవాత ఇటలీ భార్య ఫోను చేసినా ఎత్తలేదు. ఇటలీకి కోపం వచ్చింది, బాధ వేసింది, అన్నం సయించలేదు. అయినా చూసింది చూసిందే కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. కొత్త కండక్టరుతో బండి నడుపుతూనే ఉన్నాడు. ఆ రోజుల్లో అతని బండి ఎక్కిన వాళ్ళందరినీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెన్ను జలదరిస్తుంది.

ఊళ్ళో ఇలాంటి కెమెరాల పిచ్చి ఉన్నవాడు ఇంకొకడున్నాడు, గడియారాలు బాగుచేసే మేస్త్రి. వీళ్ళిద్దరికీ ఒక అలవాటు. ఏడాదికోసారి ఒకరి దగ్గరున్నది ఒకరు కొన్నాళ్ళు ఉంచుకుని ఇచ్చుకునేవారు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నగలు మార్చుకున్నట్టు. ఆ ఏడాది తీసుకెళ్ళినదాన్ని మేస్త్రి విచారణకి మూడు రోజుల ముందు తిరిగి తెచ్చాడు. మొహం చిట్లించుకుని తెచ్చాడు.

“ఏం చేశావయ్యా దీన్ని? బొమ్మ మీద బొమ్మ నిలవడం లేదు. ఒకటి కింద ఉంటే ఒకటి మిద్దెక్కింది.”

“నేను సరిచేసి ఇచ్చానే!”

“సరిచేసిందే ఇలా ఉంటే చెడగొట్టింది ఎలా ఉంటుందో చూడాలని ఉంది.”

ఇటలీకి పౌరుషం వచ్చింది. బీరువా తెరిచి మిగతా ఆరూ తీసి, దాంతో కలిపి ఏడూ బల్ల మీద వరసగా పెట్టాడు. “ఇదిగో, ఏది తప్పో చెప్పు.” మేస్త్రి ఒక్కొక్కటీ తీసి కిటికీలోంచి నిచ్చెన వైపు చూశాడు. మొదటిది తప్పు. రెండోదీ తప్పు. ఆరూ తప్పేనన్నాడు, అన్నీ ఒక్క వైపుకే తప్పాయన్నాడు. చివరికి మొండిదాన్ని ఎత్తి చూసి, “ఇది మాత్రం బంగారం” అన్నాడు.

“అదొక్కటే చెడింది. మిగతావన్నీ బంగారం” అన్నాడు ఇటలీ. ఈసారి అతని గొంతులో పౌరుషం కాస్త తగ్గింది.

మేస్త్రి కెమెరా బల్ల మీద పెట్టి అతని మొహంలోకి చూశాడు. “ఎడమ కన్నుతో చూడు.”

“ఎడమ కన్నుతో ఎవడు చూస్తాడు?”

“చూడవయ్యా ముందు.”

జన్మలో మొదటిసారి అతను కెమెరాకి ఎడమ కన్ను ఆనించాడు. ముక్కు అడ్డమొచ్చింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొండిదాంట్లో నిచ్చెన ఒక్కటే కనిపించింది, నిటారుగా, తేటగా. తన చేత్తో సవరించుకున్న ఆరింటిలోనూ రెండేసి నిచ్చెనలు. కెమెరా దించి కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మేస్త్రి చెయ్యి పట్టుకుని, “ఒక్క పని చెయ్యి. కిందికి వెళ్ళి వీధికి అవతల నిలబడు. చెయ్యెత్తు” అన్నాడు.

“దేనికి?”

“దేనికో తరవాత చెబుతాను. వెళ్ళు.”

మేస్త్రి వెళ్ళి ఎదురుగా మందుల షాపు మెట్ల మీద నిలబడి చెయ్యెత్తాడు. సంధ్యవేళ, వెలుగు తగ్గుతోంది. ఇటలీ కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సులో చూసినట్టే కుడి భుజం మీదుగా పక్కకి తిరిగి చూశాడు. అలా తిరిగినప్పుడు ముక్కు అడ్డం వచ్చి ఎడమ కంటికి ఏమీ కనబడదు. మిగిలేది కుడికన్ను ఒక్కటే. ఇన్నేళ్ళుగా వెనక్కి చూసిన ప్రతిసారీ ఆ ఒక్క కన్నుతోనే చూశానని అప్పుడు తెలిసింది అతనికి.

“రెండో చెయ్యి దించు!” అని అరిచాడు.

“రెండో చెయ్యి జేబులో ఉందయ్యా!” అని అరిచాడు మేస్త్రి.

వీధిలో పోయేవాళ్ళు ఇద్దర్నీ వింతగా చూశారు. ఎవరో నవ్వారు కూడా. ఇటలీకి వాళ్ళెవరూ కనబడలేదు. మందుల షాపు మెట్ల మీద మేస్త్రి రెండు చేతులు పక్కపక్కనే ఎత్తి నిలబడి ఉన్నాడు, రమ్మని పిలుస్తున్నట్టు.

చెప్పాలంటే, అతను వెంటనే లేచి డిపోకి పరిగెత్తి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నాకూ అతని మీద గౌరవం పెరిగేది. అతను పరిగెత్తలేదు. జ్వరమని కబురుపెట్టి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. చెబితే స్టీరింగు పోతుంది. తాత కాలు తన మెడకి చుట్టుకుంటుంది. స్టీరింగు లేకపోతే తను ఎవడు? పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలి? సిగ్గు లేకుండా ఏడ్చాడు.

మేస్త్రి నోటి వెంట విషయం విన్న భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది.

“కంటి ఆపరేషను చేయించుకుంటే పోతుందట కదండీ. ఎవరికీ చెప్పకుండా సెలవు పెట్టి చేయించుకుందాం. మీ బావకి ఇంకో ఉద్యోగం ఎక్కడో అక్కడ దొరక్కపోదు, వయసున్న మనిషి...”

అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె మాట పూర్తి చెయ్యలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, “నోటికి ఎలా వచ్చిందో నాకు ఆ మాట” అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె అన్న మాట తను రెండు రోజులుగా లోపల అనుకుంటున్నదే. బయటికి వినబడేసరికి అది ఎంత నీచమైన మాటో తెలిసింది. విచారణ రోజు పొద్దున కెమెరాలు ఏడూ పాత తువ్వాళ్ళలో చుట్టి కూరగాయల సంచిలో పెట్టుకుని, నడిచి డిపోకి వెళ్ళాడు.

గది బయట బల్ల మీద బావ కూర్చుని ఉన్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారం వేసుకున్నాడు, మనిషి చిక్కిపోయాడు. ఇటలీని చూడగానే అలవాటు కొద్దీ సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఇటలీ సంచిని రెండో చేతికి మార్చుకున్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు.

విచారణ చేసే పెద్దమనిషి జలుబుతో బాధపడుతున్నాడు. బల్ల మీద ఒక్కొక్క తువ్వాలూ విప్పుతుంటే ముక్కు తుడుచుకుంటూ, “ఏమిటివి, అమ్మకానికా?” అన్నాడు.

“కాదు సార్. ఇందులోంచి ఆ గడియారం వైపు చూడండి.”

“ఇక్కడేం జరుగుతోందో తెలుసా నీకు?”

“తెలుసు సార్. ఒక్కసారి చూడండి.”

ఏ మూడ్‌లో ఉన్నాడో, ఆయన తీసి చూశాడు. “రెండు గడియారాలు కనిపిస్తున్నాయి.”

“నాకు అందులో ఒకటే కనిపిస్తుంది సార్. ఇప్పుడు దీన్ని చూడండి.”

“ఇందులో ఒకటే ఉంది.”

“నాకు అందులో రెండు. నా కన్ను తప్పని తెలియక ఆరు కెమెరాల్ని నా కంటికి తగ్గట్టు తిప్పుకున్నాను సార్. మొదటిది తిప్పి ఏడాది కావస్తోంది. తాత కాలు విరిగింది మొన్న మొన్న. ఆ రోజు మా బావ ఒక్క చెయ్యే ఎత్తాడు. నాకు రెండు కనబడ్డాయి. తప్పు నాది.”

పెద్దమనిషి కెమెరాని మెల్లిగా తువ్వాలు మీద పెట్టాడు. కెమెరాలు సాక్ష్యం చెబితే రాసుకునే పద్ధతి తమ దగ్గర లేదనీ, డాక్టరు చెప్పాలనీ అన్నాడు. ఇకనుంచి బండి తాళం ముట్టుకోవద్దన్నాడు. అదే రోజు మధ్యాహ్నం పంపితే, కంటి డాక్టరు దీపం వేసి చూసి, కుడికంట్లో శుక్లం పొర చాలాకాలంగా ముదురుతోందనీ, ఇన్నాళ్ళు ఎలా ఊరుకున్నావయ్యా అనీ కసిరింది.

బావ మళ్ళీ విజిలు మెడలో వేసుకున్నాడు, వేరే బండి మీద. ఇటలీకి స్టీరింగు పోయింది. విరమణ దాకా టైర్ల గదిలో ఉండమన్నారు, అదీ పాత రికార్డు చూసి జాలిపడి. తాత నష్టపరిహారం కేసులో అతని పేరు చేరింది. ఆసుపత్రికి వెళ్ళి తాత మంచం దగ్గర నిలబడి చేతులు జోడించాడు. తాత తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతను వెళ్ళిపోయేదాకా ఇటు తిరగలేదు.

డిపోలో మాత్రం కొందరు మెచ్చుకున్నారు. ఇంకొకడైతే నోరు మూసుకునేవాడు, మగాడంటే ఇటలీయే అన్నారు. టైర్ల గదికి వచ్చి మరీ భుజం తట్టారు. ఆ మాటలు వినీ వినీ అతనికీ కాస్త అలాగే అనిపించడం మొదలైంది. మనిషి స్వభావం అంత, చేతులు కాల్చుకున్నవాణ్ణి కూడా ఆకులు బాగా పట్టుకున్నావని పొగిడితే పొంగిపోతాడు. ఇక చెల్లెలి దగ్గరికి వెళ్ళచ్చు అనుకున్నాడు. తప్పు ఒప్పుకున్నాను, బావ ఉద్యోగం నిలబడింది, ఇంకేం కావాలి?

ఆదివారం వెళ్ళాడు. బావ ఇంట్లో లేడు, డ్యూటీలో ఉన్నాడు. చెల్లెలు వరండాలో బట్టలు మడతపెడుతోంది. కుర్చీ చూపించింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఇద్దరి మధ్యా మడతపెట్టని బట్టల కుప్ప ఉంది. ఏం మాట్లాడాలో తెలియక అతను మొత్తం కథ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. మొదటి కెమెరా ఎప్పుడు తప్పిందో, మేస్త్రి ఎలా పట్టుకున్నాడో, ఎడమ కన్ను పెడితే ఏమైందో. చెబుతూ చెబుతూ ఉత్సాహం కూడా వచ్చింది. కుర్చీ అంచుకి జరిగాడు, చేతులతో చూపించాడు.

“ఆరూ ఒకే వైపుకి తప్పాయి చూశావా, అక్కడ దొరికింది అసలు కీలకం. ఆ మొండిది లేకపోతే ఈ జన్మకి తెలిసేది కాదు. మేస్త్రి చెయ్యెత్తగానే, రెండు చేతులు! అప్పుడు నమ్మాను, బావ చెప్పింది నిజమేనని.”

చెల్లెలు మడతపెడుతున్న యూనిఫారం చొక్కా ఒళ్ళో పెట్టుకుని తల ఎత్తింది. ఆమె కళ్ళలో కోపం లేదు. అది ఉంటే అతనికి సులువుగా ఉండేది.

“ఈయన చచ్చినా అబద్ధం ఆడడని నువ్వే కదా తెచ్చి నాకు చేశావు. ఆసుపత్రి వరండాలో ఈయన నీ మొహంలో మొహం పెట్టి ఒక్క చెయ్యే ఎత్తానని చెప్పారు. ఆ మాట నమ్మడానికి నీకు ఏడు కెమెరాలు కావలసి వచ్చాయా అన్నయ్యా?”

గాలిలో చూపిస్తున్న చేతుల్ని అతను ఒళ్ళోకి దించుకున్నాడు. ఆమె చొక్కా చేతులు వెనక్కి మడిచి, మడతల మీద పెట్టి, ఇంకో బట్ట అందుకుంది.